తవ్వి తెచ్చుకున్న చుట్టరికం

మార్కెట్లో నా బల్ల ఖాళీ చేసేనాటికి నా చేతిలో ఉన్న సరుకు ఇదీ: బస్తాకి కాస్త తక్కువగా యంగోనా వేరు, ఒక కాటా, పెళ్ళిళ్ళకీ చర్చికీ నడుముకి చుట్టుకునే నల్ల సులు గుడ్డ ఒకటి, ఇంకా చుట్టాలు. చుట్టాలు మాత్రం ఏ గోదాములోనూ పట్టరు. మా ఊరు సావుసావులో ఉప్పు కొనడానికి బయల్దేరినా దారిలో బావలు, అత్తలు, మేనమామలు తగులుతూనే ఉంటారు. అన్నాళ్ళూ వాళ్ళందరినీ ఖర్చు కిందే చూశాను. ఉద్యోగం వెతుక్కోవాల్సి వచ్చాక వాళ్ళని పెట్టుబడి కింద మార్చుకుందామనిపించింది.

బల్ల ఎందుకు ఖాళీ చేశానంటే, తుఫాను తోటల్ని పడగొట్టింది. వేరు ధర కొండెక్కింది. వేరు దంచి నీళ్ళలో పిండుకుని, నాలుక తిమ్మిరెక్కేదాకా తాగడం మాత్రం ఎవరూ మానలేదు, డబ్బిచ్చి కొనడం మానేశారు. ఓ పూట నా భార్య సులుయేతి బల్ల పక్కన కూర్చుని చూసింది.

"నువ్వు దీన్ని అమ్ముతున్నావా, ఆరబెడుతున్నావా?" అంది.

"బేరాలు లేవు."

"అయితే జీతమొచ్చే పని చూడు. బడి తెరిచేలోపు దొరక్కపోతే పిల్లల్ని తీసుకుని మా అన్న ఊరికి పోదాం. వాడి కొబ్బరితోటలో పనికి లోటు లేదు."

తోటలో పనికి లోటు లేదు, నిజమే. కానీ ఆ ఊళ్ళో బడి లేదు. పైగా వాళ్ళన్న నాకు బావ. బావ ఇంట్లో తింటూ బతికితే ముద్దముద్దకీ ఒక వేళాకోళం మింగాలి. ఆ ధరకి అన్నం కొనలేను.

సరిగ్గా ఆ వారమే నా బల్ల దగ్గరికి ఒక కొత్త మనిషి వచ్చింది. తెల్లటి బూట్లు, చేతిలో ఫోను. చూడగానే రాజధాని సూవా మనిషని తెలిసిపోతోంది.

"ఈ వేరు పాతదా, కొత్తదా?" అని అడిగింది.

"పాతదేనమ్మా. కొత్తదని చెప్పమంటే చెప్తాను గానీ, అబద్ధానికి వేరే ధర అవుతుంది."

నవ్వింది. కొనేవాళ్ళు నవ్వితే నా నోరు ఆగదు.

"ఆ బూట్లు సూవాలో కొన్నారా? వాటితో రేవు వైపు వెళ్ళకండి. సాయంత్రానికి పీతలు వచ్చి ఇల్లు అద్దెకిస్తారా అని అడుగుతాయి."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వింది. "రోజూ రేవులోనే ఉంటానండీ. ఓడల కంపెనీ గోదాముకి కొత్త మేనేజర్ని. అక్కడ బస్తాలు వచ్చినన్ని ఉండట్లేదు. ఏమైపోయాయని అడిగితే, మా పిన్ని కొడుకు అడిగాడు, ఎలా కాదనను అంటారు. పాత స్టోరుకీపరు అందుకే వెళ్ళిపోయాడు. మీకెవరైనా గట్టి మనిషి తెలుసా?"

"తెలుసు," అన్నాను. "ఇప్పుడు మీతో మాట్లాడుతున్నాడు. ఈ బల్ల ఇంక నాలుగు రోజులే."

నన్నూ, కాటానీ, బల్లనీ మార్చి మార్చి చూసింది. "గురువారం రండి. అందరితో మాట్లాడుతున్నాను. మీరూ వచ్చి నాతో నేరుగా మాట్లాడండి," అంది.

ఇంటికొచ్చి చెప్తే సులుయేతి సులు తీసి ఇస్త్రీ మొదలుపెట్టింది. "సగం పని అయినట్టే. గురువారందాకా నోరు మూసుకుని ఇంట్లో కూర్చో," అంది.

వ్యాపారం తెలిసినవాడెవడూ సగం బేరం దగ్గర కూర్చోడు. ఆవిడకి నేనెవరు? బల్ల వెనక మనిషిని. ముఖపరిచయమంటే మూతి కట్టని బస్తా, ఎటు ఒరిగితే అటు ఒలికిపోతుంది. చుట్టరికం కుట్టు లాంటిది. ఆవిడకీ నాకూ మధ్య ఎక్కడో ఒక చుట్టరికం ఉండే ఉంటుంది. ఈ దీవుల్లో ఇద్దరు మనుషుల్ని తగినంత లోతుగా తవ్వితే వేళ్ళు కలవకపోవడం ఉండదు. నేను తవ్వాలనుకున్నాను.

మర్నాడు ఒక కట్ట వేరు చంకలో పెట్టుకుని రేవుకి వెళ్ళాను. మా మేనత్త కొడుకు వైసాకే ఆ గోదాములోనే ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. నడుపుతాడని కంపెనీ నమ్మకం. నేను వెళ్ళేసరికి దాని నీడలో పడుకుని ఉన్నాడు.

"ఏంట్రా, సులు కట్టుకొచ్చావు? ఎవరు పోయారు?" అన్నాడు, ఒక కన్ను తెరిచి.

"నువ్వే. కదలడం లేదంటే చూసిపోదామని వచ్చాను."

"కట్ట తెచ్చావు, అంటే ఏదో అడుగుతావు. నువ్వు ఊరికే ఇచ్చే మనిషివి కాదు. ఇటు పెట్టు."

అడిగాను. ఆవిడ పేరు లానియానా అని, తండ్రి పేరు కెలేపి అని, పుట్టింది పెరిగింది సూవాలోనే అని చెప్పాడు. "వాళ్ళ తాతది మాత్రం మన నతేవా అఖాతం వైపేనట. ఏ ఊరో ఆవిడకే తెలీదు."

అఖాతం వైపంటే మా మేనత్త అత్తవారి వైపు. ఆ వైపు నా వయసు ఆడవాళ్ళు దాదాపు అందరూ నాకు మరదళ్ళే అవుతారు. మరదలైతే ఇంకేం కావాలి? మరదల్ని ఏమన్నా అనొచ్చు, ఏమైనా అడగొచ్చు. ఆవిడ తిట్టినా అది మర్యాదే.

వైసాకేకి చెప్తే లేచి కూర్చున్నాడు. "ఒరేయ్, ఆవిడ రమ్మంది కదా? వచ్చి మాట్లాడు. పాలు పోస్తానన్న మనిషిని ఆవు తాతముత్తాతల గురించి అడుగుతావేంట్రా?"

"నీకు వ్యాపారం తెలీదు బావా."

"తెలీదు. తెలిసిన నువ్వు బల్ల ఎత్తేస్తున్నావు. తెలీని నాకు జీతమొస్తోంది."

బావల మాట పట్టించుకుంటే ఎవరూ బాగుపడరు. ఇంకో పెద్ద కట్ట వేరు, ఒక డబ్బా బిస్కెట్లు తీసుకుని బస్సెక్కి అఖాతం వైపు వైసాకే వాళ్ళమ్మ, మా మేనత్త తోరికా ఊరికి వెళ్ళాను. ఆ ఒడ్డున ఎవరు ఎవరికి పుట్టారో, ఎవరి పడవలో ఎవరు లేచిపోయారో మొత్తం ఆవిడకి కంఠతా వచ్చు. నేను వెళ్ళేసరికి చాప అల్లుతోంది. వేరు ఆవిడ ముందు పెట్టి, చెప్పాల్సిన మర్యాద మాటలు చెప్పాను. ఆవిడ మా పద్ధతి ప్రకారం చప్పట్లు చరిచి అందుకుంది. తర్వాత బిస్కెట్ డబ్బాని తిప్పి చూసింది.

"క్రీము బిస్కెట్లు! ఏం చేశావురా? పోలీసులా?"

"లేదత్తా. ఒక మనిషి వరస కావాలి. లానియానా అని. కెలేపి కూతురు, సూవాలో ఉంటారు. తాతది మీ వైపేనట. నాకు మరదలవుతుందేమో చూడు."

"కెలేపి..." అత్త చేతిలో ఆకు ఆగింది. "ఆ కెలేపి తండ్రి ఓడల్లో పనిచేసేవాడా? నైంబుకా అని?"

"అది తెలీదు గానీ, తాత సముద్రం మీద బతికాడని వైసాకే చెప్పాడు."

అత్త చాప పక్కకి నెట్టేసింది. కళ్ళలో నీళ్ళు. "మా చిన్నాన్న రా! మా నాన్న సొంత తమ్ముడు. పెళ్ళీడులో ఓడెక్కి పోయాడు, మళ్ళీ కబురు లేదు. మా నాన్న పోయేదాకా ఆ రేవు వైపు చూస్తూనే ఉన్నాడు. నైంబుకా మనవరాలు సావుసావులో ఉందా! ఇదే ఊర్రా ఆయనది. అఖాతం వైపంటే మా అత్తవారే అనుకున్నావు గానీ, మీ తాతలు కూడా ఇక్కడి నుంచే కదా వచ్చారు!"

"మరి వరస, అత్తా?"

"వరసేంట్రా మొద్దూ! మీ నాన్నా, కెలేపీ అన్నదమ్ముల పిల్లలు. అంటే అన్నదమ్ములే. ఆ పిల్ల నీకు చెల్లెలు."

వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టుకున్నాను, చెల్లెలే వచ్చింది.

మా దగ్గర మరదలితో ఎంత వేళాకోళమాడితే అంత మర్యాద. చెల్లెలితో ఎంత తక్కువ మాట్లాడితే అంత గౌరవం. ఎదురుగా కూర్చోకూడదు, కళ్ళలోకి చూడకూడదు, నవ్వించడం అసలే తప్పు. చెప్పాల్సిందేమైనా ఉంటే మధ్యన ఇంకో మనిషి చేత చెప్పించాలి. అలాంటి చెల్లెలి ముందు కూర్చుని నాకు ఉద్యోగమివ్వమ్మా అని నేను చెప్పుకోవాలి, గురువారం.

"అత్తా," అన్నాను మెల్లగా, "ఈ సంగతి ఈ నాలుగు రోజులూ మన దగ్గరే ఉంచుకుందామా?"

"ఏ సంగతి?" అత్త అప్పటికే ఫోను చెవిన పెట్టుకుంది. సూవాలో చర్చిలున్నంత కాలం మా అత్తకి దొరకని మనిషి లేడు. ఒక చర్చి నుంచి ఇంకో చర్చికి మాట పాకి, నేను బస్సెక్కేలోపు కెలేపి చిన్నాన్న దొరికాడు. ఫోనులో ఇద్దరూ ఏడ్చారు. తర్వాత ఆయన నాతో మాట్లాడాడు.

"బాబూ ఎరోనీ! నా బిడ్డ ఆ ఊళ్ళో ఒంటరిగా ఉందని బెంగపడేవాణ్ణి. దానికి అన్న ఉన్నాడా! దేవుడే నిన్ను పంపాడు. ఇప్పుడే దానికి చెప్తాను."

"రేపు చెప్పండి చిన్నాన్నా, తొందరేముంది..." అంటూనే ఉన్నాను. ఆయన పెట్టేశాడు. బిస్కెట్ డబ్బా వెనక్కి తీసుకుందామా అన్న ఆలోచన కూడా వచ్చింది, కానీ అత్త అప్పటికే తెరిచేసింది.

ఇంటికొచ్చి చెప్తే సులుయేతి బస్తా మూతి విప్పి, మిగిలిన వేరు చూసి, మళ్ళీ కట్టింది. అది ఆవిడ లెక్క వేసుకునే పద్ధతి.

"అంటే, మొన్న ఊరికే నవ్వుతూ మాట్లాడిన మనిషిని, ఇంత వేరు ఖర్చుపెట్టి మాట్లాడకుండా చేసుకున్నావు," అంది. "ఇంకాస్త వేరు మిగిలి ఉంటే ఆవిణ్ణి ఊరు దాటించేవాడివి."

"సూవాలో పెరిగిన పిల్ల. ఈ పట్టింపులు ఆవిడకి ఉండవేమో."

"నీ నోటికొచ్చింది నిజమవుగాక."

మర్నాడు రేవు రోడ్డు మీద ఆవిడ ఎదురైంది. వానకి రోడ్డు పక్కంతా చెరువులా ఉంది. నన్ను చూసింది. తల దించుకుంది. ఆ తెల్లబూట్లతోనే బురదలోకి దిగి అవతలి పక్కకి వెళ్ళిపోయింది గానీ నా పక్కనుంచి నడవలేదు. ఎంత బాగా పెంచారు! కెలేపి చిన్నాన్నని మెచ్చుకుంటూ తిట్టుకున్నాను.

పైగా ఆ బూట్ల మీదే నేను పీతల పరాచికం ఆడి ఉన్నాను. చెల్లెలితో! అది తప్పుగానే మిగిలిపోతే గురువారం దాకా కూడా వెళ్ళక్కర్లేదు. ఉన్నదాంట్లో మంచి కట్ట తీసి వైసాకే చేతిలో పెట్టి, తెలీక అన్నాను, మన్నించమని చెప్పి రమ్మన్నాను.

"మధ్యలో నాకేంటి?" అన్నాడు వైసాకే.

"గౌరవం."

"అది నీళ్ళలో పిండితే దిగుతుందా?"

ఇంకో చిన్న కట్ట ఇచ్చాను. సాయంత్రం వాడొచ్చి, మన్నించింది అని చెప్పాడు. "ఉద్యోగం సంగతి?" అంటే, "అది అడగమని కట్ట ఇవ్వలేదుగా," అన్నాడు.

గురువారం సులు కట్టుకుని వెళ్ళాను. బస్తాలో అడుగున దుమ్ము తప్ప ఏమీ మిగల్లేదు. బయట బెంచీ మీద నాలాంటి వాళ్ళు ఇంకొందరున్నారు. హోటల్లో పనిచేసిన కుర్రాడొకడు కోటు కూడా వేసుకొచ్చాడు. ఒక్కొక్కరే లోపలికెళ్ళి, ఆవిడతో మాట్లాడి, నవ్వుతూ బయటికొస్తున్నారు. ఎవరికీ ఆవిడతో ఏ చుట్టరికమూ లేదు. అదృష్టవంతులు.

నా వంతు వచ్చింది. లోపల ఆవిడ కుర్చీ కిటికీ వైపు తిరిగి ఉంది. నాకు జడ, భుజాలు కనబడుతున్నాయి. నేను తలుపు పక్కన నేల చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఆవిడ కిటికీలోంచి కేకేసింది: "వైసాకే! ఆ బండి ఆపి ఒకసారి రా!"

వాడొచ్చి మా ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. చేతులకి గ్రీజు, మొహం మీద పండగ.

"ముందు ఒక మాట చెప్పు," అంది ఆవిడ కిటికీతో. "ఈయన మా అన్న అని పెద్దాఫీసుకి చెప్పేశాను. ఎంత దగ్గర అని అడిగారు. తాతగారి అన్నగారి మనవడు అన్నాను. అది చుట్టరికమే కాదు పొమ్మన్నారు."

"పెద్దాఫీసులో మనుషులు గుడ్లలోంచి పుట్టుంటారు," అన్నాడు వైసాకే.

"సరే. గోదాము పని ఎప్పుడైనా చేశారేమో అడుగు."

వాడు నా వైపు తిరిగాడు. "మీ చెల్లెలు అడుగుతోంది, ఎప్పుడైనా పని అనేది చేశావా అని."

"ఏళ్ళ తరబడి వేరు నిల్వ చేశానని చెప్పు. తడి తగలనివ్వలేదు, పురుగు పట్టనివ్వలేదు."

"చేశాడట మరదలా. కొనేవాళ్ళు లేక సరుకు ఉండిపోయింది, దానికి నిల్వ చేయడం అని పేరు పెట్టుకున్నాడు."

కిటికీ దగ్గర భుజాలు కదిలాయి. అన్న ఉన్నచోట నవ్వకూడదు గనక ఆవిడ దగ్గింది.

"వైసాకే, చెప్పింది చెప్పినట్టు చెప్పు."

"నేను మీ మేనత్త కొడుకుని మరదలా. నీకూ బావనే, ఈయనకీ బావనే. నన్ను తిన్నగా ఉండమంటే పెద్దలు ఒప్పుకోరు."

ఆవిడ గొంతు మార్చి అడిగింది. "ఇది ముఖ్యమైన ప్రశ్న. చుట్టాలొచ్చి ఒక బస్తా బియ్యమివ్వు, తర్వాత చూసుకుందాం అంటే ఈయన ఏం చేస్తారు?"

నా నాలుక వేరు తాగకుండానే తిమ్మిరెక్కింది. జవాబు నాకు తెలుసు. మొహం మీదే లేదంటాను, అన్నేళ్ళూ అదే చేశాను. కానీ చెల్లెలి ముందు కూర్చుని, నేను అడిగినవాళ్ళకి పెట్టని మనిషిని అని గొప్ప చెప్పుకోవడమెలా? అలా చెప్పుకునే అన్నని ఏ చెల్లెలు తలెత్తి చెప్పుకుంటుంది?

"చూసి... నచ్చజెప్పి పంపుతానని చెప్పు," అని గొణిగాను. అలా చెప్తే ఉద్యోగం పోతుందని, నా నోట్లోంచి మాట వస్తుండగానే తెలిసింది. పిల్లలూ, సులుయేతి అన్న కొబ్బరితోటా కళ్ళముందు కదిలాయి.

"నచ్చజెప్తాడా!" వైసాకే గొంతు రేవంతా వినబడింది. ఇది వాడు చాలాకాలంగా దాచుకున్న మంట. "ఈయన నచ్చజెప్పడం నన్నడుగు మరదలా! మా అమ్మ, ఈయన సొంత మేనత్త, చావింటికి వెళ్ళాలిరా, పిడికెడు వేరు ఇవ్వరా అంటే కాటా తీశాడు. పిడికెడుని తూచాడు! పాస్టరుగారు దేవుడి పని మీద కాస్త ఇవ్వమంటే, దేవుణ్ణే రమ్మనండి, ఆయనకైతే తక్కువకి ఇస్తానన్నాడు. ఓసారి నేను సరదాకి గుప్పెడు జేబులో వేసుకుంటే, రాత్రి మా ఇంటికొచ్చి, పెళ్ళాం పిల్లల ముందు నా జేబు తిరగేయించి, అడుగున ఉన్న దుమ్ము కూడా కాగితంలో పొట్లం కట్టుకుపోయాడు. ఇంత పిసినారి అఖాతం రెండు ఒడ్డుల్లోనూ లేడు. ఈయన సరుకు దగ్గర దోమ వాలితే, ఎగిరేముందు కాళ్ళు దులిపి పంపుతాడు!"

నేను తల ఇంకా కిందికి దించాను. దించడానికి మెడ మిగల్లేదు. బయట బెంచీ మీద కోటు కుర్రాడు గట్టిగా నవ్వుతున్నాడు.

కుర్చీ కిర్రుమంది.

"వైసాకే, ఆ జేబు సంగతి నిజమేనా?"

"మా అమ్మ మీద ఒట్టు! ఆ రోజు నుంచి నా పెళ్ళాం నన్ను జేబుదొంగ అంటోంది."

"పాస్టరు సంగతి?"

"చర్చి పక్కనే ఉంది, వెళ్ళి అడుగు."

"అయితే," అంది ఆవిడ, కిటికీతోనే, చాలా నెమ్మదిగా, "ఆయన్ని సోమవారం నుంచి పనిలోకి రమ్మని చెప్పు."

వైసాకే నోరు తెరుచుకునే ఉంది. "మరదలా, నేను ఈయన్ని తిట్టాను!" అన్నాడు.

"విన్నాను. పొగిడేవాళ్ళు పొద్దున్నుంచీ చాలామంది వచ్చారు. ఇంకో మాట. ఆయనకి నేను నేరుగా పని చెప్పలేను, ఆయన నాకు నేరుగా లెక్క చెప్పలేరు. మధ్యలో ఒక మనిషి ఎప్పుడూ ఉండాలి. నువ్వు ఆ బండి దిగి సూపర్‌వైజరుగా లోపల కూర్చో. జీతం పెంచమని రాస్తాను."

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా కళ్ళలోనూ తిరిగాయి, కారణం వేరు.

పనిలో చేరాక ఆ చుట్టరికం అసలు ధర తెలిసింది. మొదటి వారమే చుట్టాలు వరస కట్టారు. పిండి, పంచదార, తారు డబ్బాలు, ఎవరికేది కావాలో అది అడిగారు. లేదన్నాను. వాళ్ళు నా మీద చాడీ చెప్పడానికి మేనేజరు గదికి వెళ్ళారు. ఆవిడ మర్యాదగా కూర్చోబెట్టి, "ఆయన మా అన్నగారు. ఆయనతో నేను మాట్లాడకూడదు కదా," అని చెప్పి పంపేసింది. ఈ ఊళ్ళో ఆ మాటకి ఎదురు చెప్పగలిగినవాడు లేడు. మధ్యవర్తిని పట్టుకుందామని కొందరు వైసాకే దగ్గరికి వెళ్ళారు. వాడు వాళ్ళ దగ్గర వేరు పుచ్చుకుని, తాగి, నా దగ్గరికొచ్చి, "పలానావాడు ఒక బస్తా అడుగుతున్నాడు, ఎలాగూ ఇవ్వవుగా?" అని, నేను తల ఊపకముందే వెళ్ళి పడుకునేవాడు. గోదాములో బస్తాలు వచ్చినన్నీ ఉంటున్నాయి.

ఇక లెక్క. పోయినవి: బస్తాకి కాస్త తక్కువ వేరు, ఒక డబ్బా క్రీము బిస్కెట్లు, ఊళ్ళో ఉన్న కాస్త మంచిపేరు. వచ్చినవి: నెలనెలా జీతం, పిల్లలకి ఈ ఊరి బడి, ఫోనులో నన్ను బాబూ అని పిలిచే ఒక చిన్నాన్న. నా బావ నాకు పైవాడయ్యాడు, దాన్ని రాబడిలో వెయ్యాలో నష్టంలో వెయ్యాలో ఇంకా తేలలేదు. ఇవి కాక ఒక చెల్లెలు. చెల్లెలయ్యాక ఆవిడ నా వైపు తిరిగి మాట్లాడగా ఒక్కసారీ వినలేదు. కానీ శుక్రవారం మధ్యాహ్నాలు నాకోసం అరిటాకులో కట్టిన కొబ్బరిపాల చేప, ఉడికించిన చేమదుంప పంపిస్తుంది. తేవాల్సింది వైసాకే గనక నా బల్ల మీదికి చేరేది సగమే. ఆ సగం నికర లాభం.